ఏటికి మోసుకెళ్లిన నీళ్లు

ఆ వయసులో నాకు గుణకారం మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద కూడా ఉండేది కాదు. బడి పదో తరగతితోనే వదిలేశాను. కువైట్‌లో బండలు పరిచే మేస్త్రీ దగ్గర సహాయకుడిగా చేరాక, గదిని చూసి ఎన్ని బండలు పడతాయో, ఎన్ని విరుగుతాయో ముందుగానే చెప్పడం నాకు నేనుగా నేర్చుకున్నాను. (విరిగేవి మాత్రం ఎప్పుడూ నా అంచనాను దాటేవి. వాటిలో సగం నా చేతిలోనే విరిగేవి.) లోకంలో ప్రతి కష్టమూ సరిగ్గా కొలవకపోవడం వల్లే వస్తుందని గట్టిగా నమ్మే రోజులవి. అలాంటి రోజుల్లో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. దాన్ని కొలిచే టేపు నా దగ్గర లేదు.

ఫర్వానియాలో ఒక ఇరుకు గదిలో నేనూ, మా అక్క భర్త అయిన బావా ఉండేవాళ్లం. పనులు ఆగిపోయాయి. ఇద్దరం తలుపు వేసుకుని కూర్చుంటే మూడోవాడిగా మామ వచ్చి చేరాడు. ఆయన రాయచోటి వైపు ముస్లిం, మా పక్క ఊరివాడు. అక్కడ మావాళ్లందరూ ఆయన్ను మామ అనే పిలిచేవారు. జహ్రాలో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్లు వేసవికని వేరే దేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. సైన్యం బళ్లు ఆ రోడ్డునే తిరుగుతుంటే, మామ ఇంటికి తాళాలు వేసి, వాటిని దారానికి కట్టి మెడలో వేసుకుని మా గదికి వచ్చాడు. వచ్చిన నాటి నుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే. బావ రొట్టె తెచ్చి పెడితే సగం తిని పక్కన పెట్టేవాడు. ఆయన నోట వచ్చిన మాట ఒక్కటే: “తాళాలు ఇచ్చినోళ్లు వచ్చేదాకా నేను యాడికీ రాను. మీరు పోండప్పా.”

ఒక మధ్యాహ్నం బావ కప్పు వైపు చూస్తూ, “మన ఏటి గట్టున కోనదాకా నడిస్తే ఎంత బాగుంటాది” అన్నాడు. మా ఊళ్ల మధ్యగా పారే ఏరు కొండల్లో ఒక కోనలో పుడుతుంది. ఏటి పక్కనే అడవిలో కాలిబాట. తెల్లవారక ముందే బయలుదేరితే పొద్దుగూకే వేళకు తిరిగి రావచ్చని అందరూ చెబుతారు. అక్కడే పుట్టి పెరిగినా నేను సగం దారి దాటింది లేదు. ఆ క్షణాన నాకు పట్టుదల వచ్చేసింది. ఊరు చేరగానే చేసే మొదటి పని అదే అని నిర్ణయించుకుని, బండల అట్టపెట్టె ఒకటి చింపి ప్రయాణం రాయడం మొదలుపెట్టాను.

“ఊరికెట్ల పోవాల్నో తెలీదు గానీ, ఊర్లో యాడ నడవాల్నో రాస్తాండావా?” అన్నాడు బావ.

“అది మన చేతిలో లేదు బావా. ఇది ఉంది.”

అన్నిటికంటే ముందు నీళ్లు. ఎండలో పని చేసేటప్పుడు నేను రోజుకు ఆరు లీటర్లు తాగేవాణ్ణి. ముగ్గురికీ పద్దెనిమిది. అంటే ఇరవై లీటర్ల క్యాను ఒకటి. దాన్ని మోసుకుంటూ కొండ ఎక్కలేం కాబట్టి ఒక కూలీ. బరువు మోసేవాడికి ఎనిమిది లీటర్లకు తక్కువ ఉండకూడదు కాబట్టి రెండో క్యాను, దానికి రెండో కూలీ, వాడికీ ఎనిమిది. మొత్తం ముప్పై నాలుగు. రెండు క్యాన్లకు నలభై. ఆరు మిగిలాయి.

“మిగిలిన ఆరు తాగడానికి మీ అక్కను పిల్సకపోదామా?” అన్నాడు బావ. పోనీ గాడిద మీద వేద్దామా అని కూడా అడిగాడు. గాడిద తాగేది లెక్కవేశాను. మా ముగ్గురి కంటే అదే ఎక్కువ తాగేటట్టు తేలింది.

అప్పుడు గోడవైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. మామ ఏడుస్తున్నాడేమో అని ఇద్దరం కంగారుపడి లేచాం. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇటు తిరిగాడు. నవ్వుతున్నాడు.

“ఏమప్పా అల్లుడూ, పక్కన ఏరు పారతా ఉంటే నీళ్లు మోసుకపోతావా?”

నేను అట్ట వైపు చూశాను. రెండు క్యాన్లు, ఇద్దరు కూలీలు, ఒక గాడిద ఉన్నాయి. ఏరు మాత్రం లేదు. (ఆ ఎడారి దేశంలో కొన్నేళ్లుంటే నీళ్లు క్యానులోనే పుడతాయని మనసుకు అనిపిస్తుంది. అంతకు మించి నేను చెప్పుకోగలిగింది లేదు.)

ఆ పూట మామ రొట్టె మొత్తం తిన్నాడు. మర్నాటి నుంచి అట్ట ఆయన చేతిలోకి వెళ్లింది. కుర్రతనంలో మేకల వెంట ఆ అడవంతా తిరిగినవాడు. నేను రాసిన దారి చూసి, “ఇట్ల పోతే కోనకు పోవు, నేరుగా లోతు నీళ్ల గుండంలోకి పోతావు” అని కొట్టేశాడు. బాట ఏడుసార్లు ఏరు దాటుతుందట. ఎక్కడ ఏ రాయి మీద కాలు పెట్టాలో, ఎక్కడ పాకుడు పడుతుందో చెబుతూ పోయాడు.

ఇంతలో మన దేశస్థుల్ని బస్సుల్లో జోర్డాన్ చేర్చి, అక్కణ్ణుంచి విమానం ఎక్కిస్తున్నారని తెలిసింది. మా పేర్లు ఇచ్చి వచ్చాం. మామ మళ్లీ గోడవైపు తిరిగాడు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. “నీ పేరు కూడా ఇచ్చినా మామా.”

“ఎవురియ్యమన్నారు?”

“ఏడుసార్లు ఏరు దాటల్లంటివి. రాళ్లు నీకే తెలుసు. నువ్వు రాకపోతే నేను రాసిన దోవనే పోతాం.”

“గుండంలో పడతారు.”

“పడతాం.”

మామ మెడలోని తాళాలు ఒక్కొక్కటిగా తడిమాడు. తర్వాత, “మా ఇంటి యజమాని, ఆ కఫీల్ పెద్దక్క ఈ వీధి చివర్నే ఉండాది. ఆమె ఊరు విడిచి పోయే రకం కాదు” అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. సాయంత్రం ముగ్గురం వెళ్లాం. ఆ ముసలమ్మ తాళాలు తీసుకుని కళ్లకద్దుకుంది. ఒక పొట్లం ఖర్జూరాలు ఆయన చేతిలో పెట్టి, “యల్లా” అంది, వీపు తట్టి పంపిస్తున్నట్టుగా. దారంతా ఆయన ఖాళీ మెడను తడుముకుంటూనే నడిచాడు.

బస్సు ఎక్కేటప్పుడు నేను రెండు క్యాన్లు నింపి పెట్టాను. లెక్క ఎలాగూ చేసి ఉంది, ఎందుకు వృథా? బావ నవ్వాడు, డ్రైవరు విసుక్కున్నాడు. ఎడారిలో రెండో రోజు మాత్రం పక్క సీట్లవాళ్ల పిల్లలంతా మా చుట్టూ మూగారు. మామ ఒక్కొక్కరికీ గ్లాసు నింపి ఇస్తూ నా వైపు చూసి, “ఈ ఏటికైతే సరిపోయింది అల్లుడూ నీ లెక్క” అన్నాడు.

ఊరు చేరాక అలసట తీరనిచ్చి, ఒకరోజు తెల్లవారుజామునే బయలుదేరాం. వద్దని మామ ఎంత చెప్పినా నేను ఒక క్యాను భుజాన వేసుకున్నాను, చిన్నదే. ఊరి దగ్గర ఏరు ఎండినా పైన పారుతూ ఉంటుందనుకున్నాం, మొదటి మలుపు దగ్గరికి వెళ్లేసరికి అక్కడా చుక్క లేదు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. మెరిసే ఇసుక, దాని మీద మేకల అడుగులు. నేను గెలిచినవాడి ఠీవితో క్యాను దించి మూత తీశాను.

మామ నా క్యాను వైపు చూడలేదు. ఏటి నడుమకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా ఇసుక తోడాడు. మోచేతిదాకా తోడాక అడుగున తడి కనిపించింది. కాసేపటికి ఆ చెలమలో నీళ్లు ఊరి, తేటపడి, ఆయన మొహం అందులో కదిలింది. దోసిలి పట్టి నా వైపు చాచాడు.

“తాగప్పా. లెక్కబెట్టకుండా తాగు.”

ఆ రోజు కోన చేరాం. ఏరు ఏడుసార్లు దాటాం, ఒక్కసారీ కాలు తడవలేదు. ఇప్పుడు మామ లేడు. నాకు మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు నడవడానికి కూడా సీసా చేతిలో లేనిదే కదలను, ఒక్కో చుట్టుకు ఎంత తాగాలో దాని మీద గీతలు గీసి పెట్టుకున్నాను. ఎప్పుడైనా ఆ గీతలు నాకే నవ్వు తెప్పిస్తాయి. అప్పుడు కుళాయి దగ్గర ఆగి, దోసిలి పట్టి, గీతలు లేని నీళ్లు కడుపు నిండా తాగుతాను.