మూడో గ్లాసు

ఎడారిలో దుఖాన్ ఆయిల్ క్యాంపులో మా బస్సు డ్రైవరు మొరాకో కొండల బెర్బర్ తెగ మనిషి. పుదీనా టీ జానెడెత్తు నుంచి పోసేవాడు, మనిషికి మూడు గ్లాసులు. డ్యూటీకి ఆలస్యమవుతోందని లేవబోతే చొక్కా పట్టుకుని, "మూడోది మాఫీనా? కూర్చో కాకా," అనేవాడు. మూడోది తాగకుండా లేస్తే ఆ ఇంటిని అవమానించినట్టేనట.

ఒక సెలవుల్లో నన్ను తన దేశం తీసుకెళ్లాడు. మరాకెష్, ఫెస్ బజార్లు తిప్పి, చివరికి కొండెక్కించి తన ఊరు చూపించాడు. వాళ్లమ్మ రెండు గ్లాసులు పోసిందో లేదో, కింద బస్సు హారన్ మోగింది. ఆ బస్సువాడి తొందర మండిపోను, నా తొందర అంతకన్నా మండిపోను, లేచేశాను. ముసలామె చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది.

"మళ్లీ వస్తానని అమ్మకు చెప్పు కాకా," అన్నాడు. చెప్పాను.

మరుసటి ఏడాది భూకంపానికి ఆ ఊరంతా కూలింది. వాళ్లమ్మ రాళ్లకింద పోయింది. సెలవడిగితే ఆఫీసులో మరణ పత్రం తెమ్మన్నారు. ఊరే లేనిచోట ఆ కాగితం ఎవడిస్తాడు? నాలుగు రోజులు తిరిగి, ఉద్యోగమే వదిలేశాడు.

వెళ్లేముందు నా గదికొచ్చి టీ కాచాడు. రెండు గ్లాసులు పోసి లేచాడు. ఈసారి నేనే చొక్కా పట్టుకున్నాను.

"మూడోది?"

"అది మా అమ్మ దగ్గరే ఉండిపోయింది కాకా," అని మెల్లగా నా వేళ్లు విడిపించుకున్నాడు.