లెయార్కో వేసిన నలుపు

మా ఆయన లెయార్కో మంచివాడు. కుళ్ళుబోతు కూడా. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని నన్నడగకండి, ముప్పై ఏళ్ళు కాపురం చేసినా నాకే అంతుపట్టలేదు. పరాయివాళ్ళ మీద ఆయనకు అసూయ లేదు. పక్కింటాయన కొత్త ఇల్లు కట్టుకుంటే, ఈయన వెళ్ళి గేటుకు రంగు వేసి వచ్చాడు. ఉన్న కుళ్ళంతా ఒక్కడి మీదే, సొంత తమ్ముడు ఎర్మెస్ మీద.

ఇటలీలో మోదెనా ఊరి శివార్లలో మాకొక షెడ్డు ఉంది. పాత కార్ల చక్రాలకు రంగు వేయడం మా పని. మా మామగారు అదెల్మో పెట్టిన షెడ్డు అది. లెయార్కో మీసాలు రాకముందు నుంచీ ఆయన పక్కనే నిలబడి పని చేశాడు. ఇద్దరి మూతులకూ మాస్కులు, చెవుల్లో కంప్రెసర్ హోరు. ఎర్మెస్‌కు రంగు వాసన పడేది కాదు. వాడు ఊళ్ళోకి వెళ్ళి మంగలిషాపు పెట్టుకున్నాడు. మామగారు ప్రతి శనివారం వాడి దగ్గరే గడ్డం గీయించుకునేవారు. పోయేముందు షెడ్డు పెద్దవాడికి రాసి, తన ప్రాణంలా చూసుకున్న ఎర్ర ఆల్ఫా కారు, రెండు సీట్లది, చిన్నవాడికి రాశారు.

లెయార్కో కడుపుమంట అక్కడ మొదలైంది. ఆ కారు చక్రాలకు ఇన్నేళ్ళూ వెండిరంగు వేసింది ఈయనే. ఊరందరి చక్రాలనూ ఇసుక మిషన్‌లో పెట్టి లోహం దాకా ఒలిచేసేవాడు కానీ, ఆ నాలుగింటినీ మాత్రం ఎప్పుడూ ఒలవలేదు. పైపైన రుద్ది, వెండి మీద వెండి వేసేవాడు. "అడుగున నాన్న చేత్తో వేసిన రంగుంది, దాన్ని గీకనివ్వను" అనేవాడు. ఇప్పుడా కారును ఎర్మెస్ గేర్లు కీచుమనిపిస్తూ నడుపుతుంటే, మా వంటింట్లో కూర్చుని పళ్ళు నూరేవాడు.

ఒక ఆదివారం ఎర్మెస్ భోజనానికి వచ్చాడు. మాంసం కూరిన తోర్తెల్లీని ముద్దల చారు రెండోసారి వడ్డిస్తున్నాను.

"అన్నా, చక్రాలకు నలుపు వేయించాలి" అన్నాడు.

లెయార్కో చెంచా కింద పెట్టాడు. "నలుపేంట్రా? పిజ్జాలు మోసే బండి అనుకున్నావా అది?"

"నా ఇష్టం. నా కారే కదా."

ఆ మాటకు ఈయన మొహం మాడిపోయింది. "నీ కారా? దాని బోల్టు ఒక్కటి ఎప్పుడైనా విప్పావా నువ్వు?"

"నువ్వు వేయనంటే చెప్పు, పక్కూరు రెజ్జోలో వేయించుకుంటా."

ఇంకొకడి చెయ్యి ఆ చక్రాల మీద పడటమా! అది ఈయన వల్ల కాదు. "తెచ్చి పడెయ్. వేసిస్తాను. ఆ తర్వాత నా గడప తొక్కకు" అన్నాడు. ఎర్మెస్ నా వైపు చూసి, "పర్మెజాన్ జున్ను ఇటివ్వు వదినా" అన్నాడు. నాకు వాడి మీద ఒళ్ళు మండింది, ఈయన మీద ఇంకా మండింది. ఉన్నది ఒక్క తమ్ముడు, చక్రాల కోసం వాడినీ వదులుకుంటాడా?

అన్ని వెండి పొరల మీద నలుపు వేస్తే పెచ్చులూడుతుంది. లోహం దాకా వెళ్ళక తప్పదు. అయినా మిషన్‌లో పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు చిలకరిస్తూ, ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దుతూ కూర్చున్నాడు. కాఫీ పట్టుకెళ్ళి ఎంతసేపు నిలబడ్డా తలెత్తలేదు. నా చెయ్యి ఒక్కసారైనా అంత పదిలంగా పట్టుకున్నాడా ఈ మనిషి అనిపించింది. ఆ చక్రం మీద నాకు నిజంగానే కుళ్ళు పుట్టింది.

"ఇవోన్, ఇలా రా" అని పిలిచాడు.

వెండి పొరలన్నీ పోయిన చోట, లోహానికి అంటుకుని, నల్లటి పొర ఉంది.

"తుప్పు పట్టకుండా వేసిన పూతేమో" అన్నాను.

"పూతకు ఈ మెరుపు ఉండదు. బ్రష్ గీతలు చూడు, ఎడమ నుంచి తిరిగాయి. నాన్న చెయ్యి." మామగారిది ఎడమచేతివాటం. నాలుగు చక్రాలూ రుద్ది చూశాడు. నాలుగింటి అడుగునా నలుపే.

చక్రం భుజాన వేసుకుని ఎర్మెస్ షాపుకు బయల్దేరాడు. నేను వెనకాలే పరుగు. షాపులో ఎవరో పెద్దాయన నురగ మొహంతో కుర్చీలో ఉన్నాడు. లెయార్కో ఆయన్ని చూడనైనా లేదు.

"ఇది నీకు తెలుసా?"

ఎర్మెస్ కత్తి తుడుచుకున్నాడు. "తెలుసన్నా. కొన్న కొత్తలో నాన్నే నలుపు వేశాడు. శవాల బండిలా ఉంది, నేనెక్కనని అమ్మ మొండికేసింది. అందుకని వెండి వేశాడు. అమ్మ పోయాక మళ్ళీ నలుపు వేసుకోవాలనుకున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వెండి వేసిన ప్రతిసారీ ఆయన మొహం చూసేవాడివట. బాగుందిరా అనక ఏమంటాడు? 'నా తర్వాత నువ్వు వేయించు, లెయార్కో చేత్తోనే వేయించు' అన్నాడు."

"మరి మొన్న చెప్పచ్చుగా?"

"చెబితే నమ్మేవాడివా? నా మాట మీద నాన్న రంగు గీకేవాడివా?"

లెయార్కో చక్రాన్ని నేల మీదకు దించాడు. "ఈ కబుర్లన్నీ ఎప్పుడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు.

"గడ్డం గీస్తుంటే మాట్లాడక ఏం చేస్తారన్నా ఎవరైనా?"

ఇన్నేళ్ళు భుజం భుజం రాసుకుని పని చేసినవాడికి కంప్రెసర్ హోరు దక్కింది. వారానికో గడ్డం గీసినవాడికి మాటలన్నీ దక్కాయి. కారు తమ్ముడికి పోయినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువ మండి ఉంటుంది ఆయనకు.

నలుపు వేశాడు. అంత అందంగా ఏ చక్రానికీ వేయలేదు. తనే తీసుకెళ్ళి బిగించి, తర్వాతి శనివారం షాపుకెళ్ళి కుర్చీలో కూర్చుని, "నాన్న ఏమేం చెప్పాడో మొదటి నుంచీ చెప్పు" అన్నాడట. అప్పటి నుంచి ప్రతి శనివారం అదే. షాపు అద్దాల్లోంచి చూస్తే అన్నదమ్ములిద్దరికీ నోరు మూతపడటం లేదు. నున్నటి గడ్డంతో ఇంటికొస్తాడు. ఏం మాట్లాడుకున్నారంటే, "ఏముంది, మామూలే" అంటాడు.

వాళ్ళు కలిసినందుకు సంతోషమే. కానీ ఈ ముప్పై ఏళ్ళలో నాకు దక్కని మాటలు వాడికి దక్కుతుంటే నా కడుపు మండదా? బజారుకెళ్ళి బ్రష్షు, సబ్బు, కత్తి కొనుక్కొచ్చాను. శనివారం పొద్దున్నే వంటింట్లో కుర్చీ వేసి కూర్చోమన్నాను.

"నీకు చేతనవుతుందా?" అన్నాడు భయంగా.

"తెగితే అరుస్తావుగా. కనీసం నోరైనా విప్పుతావు."

కూర్చున్నాడు. నురగ రాశాను. ఒక చెంప పూర్తి చేశాను. రెండో చెంప మొదలుపెట్టాక, కళ్ళు మూసుకునే, "ఒకరోజు నాన్న కంప్రెసర్ ఆపాడు" అన్నాడు. "మాస్కు తీసి, నీ చెయ్యి నా చేతికంటే నయంరా అన్నాడు. మళ్ళీ మాస్కు పెట్టుకున్నాడు."

నేను కత్తి ఆపాను.

"ఇది ఎర్మెస్‌కు చెప్పలేదు" అన్నాడు.