నల్లమలలో నా కాళ్ళు పట్టుకున్నవారు

ఈ ఉదయం మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో కాలింగ్ బెల్ మోగితే, ఈ కాలపు అలవాటు ప్రకారం నేను తలుపు తీయలేదు, ఫోన్ తీశాను. తలుపుకు బిగించిన కెమెరాలో నడివయసు ఆవిడ ఒకరు, చేతిలో స్టీలు డబ్బా. ముఖం ఎరగను. విరాళానికో చిట్టీకో వచ్చి ఉంటుందని చప్పుడు చేయకుండా కూర్చున్నాను. ఆవిడ కాసేపు చూసి, "కింది ఫ్లాట్ల కొత్తగ దిగినం. శ్రీశైలం నడిసి పోయొచ్చినం, ప్రసాదం పెట్టిపోతున్న" అని కెమెరాకే చెప్పి, డబ్బా గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోయింది.

మూత తీసి ప్రసాదం నోట్లో వేసుకోగానే మా అమ్మ గుర్తొచ్చింది. మాదాపూర్‌లో అద్దాల మేడలకంటే బండరాళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల్లో, కర్నూలు నుంచి వచ్చిన నేను, నాతో ఒకే గదిలో ఉండే స్నేహితుడితో కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాను. మేమిద్దరం రాసిన ప్రోగ్రాములన్నీ పట్టుకుని అతను నాకు చెప్పకుండా వేరే ఆఫీసు తెరిచాడు. ఆనాటి నుంచి నాకు టీ ఇచ్చే మనిషి మీద కూడా అనుమానమే. నిద్ర పోయింది, దేవుడి ముందు కూర్చోవడమూ పోయింది. వీడు ఇలాగే ఉంటే మనిషి మిగలడని అమ్మకు భయం వేసి, శివరాత్రికి నల్లమల మీదుగా శ్రీశైలానికి కాలినడకన నన్ను బయలుదేరదీసింది.

ఏ కాలం నాటివో తెలియని టేకు చెట్ల కింద, మద్ది మాన్ల కింద అందరూ శివనామం పాడుకుంటూ నడుస్తుంటే, నేను మాత్రం నా సంచికి దగ్గరగా ఎవరు వస్తున్నారా అని చూసుకుంటూ నడిచాను. అడవి అంచు పల్లెల వాళ్ళు ట్రాక్టర్లలో నీళ్ళూ సరుకులూ తెచ్చుకుని, పందిళ్ళు వేసి, నడిచేవాళ్ళకు తిండి పెట్టి కాళ్ళకు ఆముదం పట్టించడం ఆ దారిలో ఆచారమని విన్నానుగాని నమ్మలేదు. ఊరికే ఎవరు చేస్తారు? బొరుగుల ఉగ్గాని పెడితే, పక్కాయన తిని లేచి నడిచేదాకా ముట్టలేదు. మా అమ్మ అది కనిపెట్టి, "తిను నాయనా, విషం పెట్టేవాళ్ళు ఇంత అడవిలోకి మోసుకొచ్చి పెట్టరు" అంది.

ఇంతలో ఒక పెద్దావిడ వేడినీళ్ళ గిన్నెతో వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. చటుక్కున వెనక్కి లాక్కుని, మీకేం కావాలని గట్టిగానే అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. "ఈపొద్దు నువ్వే మా మల్లన్నవి. కాళ్ళు ఇట్లియ్యి సామీ, నీళ్ళు సల్లారిపోతాయి" అంది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. బొబ్బల మీద ఆముదం రాస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

అక్కడే మద్దిచెట్టు కింద పడి నిద్రపోయాను. లేచేసరికి పక్కన సంచి లేదు. అయిందనుకున్నాను, అనుకున్నంతా అయింది. లేచి అరవబోతే అమ్మ వేలు చూపించింది. ఎండ జరిగిందని ఎవరో సంచిని నీడలోకి జరిపారు. చాలాకాలం తరువాత నా నోట శివశివా అన్న మాట దానంతటదే వచ్చింది.

డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఉగ్గాని చేసి, వేడివేడిగా నింపి, ఇందాకే కిందికి వెళ్ళి బెల్ కొట్టాను. వాళ్ళ తలుపుకూ ఉన్న కెమెరాలో నీలం లైటు వెలిగింది. "ఎవరు? ఏం గావాలె?" అంది ఉదయం విన్న గొంతే. పైనుంచి వచ్చానమ్మా, డబ్బా ఇద్దామని, అన్నాను. "ఆడనే పెట్టిపోండ్రి."

పెట్టి రావచ్చు. ఉదయం ఆవిడ చేసిందీ అదే, చేయించింది నేనే. కానీ కాళ్ళు కదల్లేదు. ఉగ్గాని చల్లారిపోతుందమ్మా, అన్నాను. నీలం లైటు వెలుగుతూనే ఉంది. పేరడగకుండా కాళ్ళు కడిగే దారి నుంచి తిరిగొచ్చినవాళ్ళం, ఒకే ప్రసాదం తిన్నవాళ్ళం, మూసిన తలుపుకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డాం.