ఆమె కళ్ళు మూసుకుని పాడేది

పోయిన నెల ఒక సాయంత్రం మా హిందూపురం సంఘపెద్దలు ముగ్గురు ఇంటికొచ్చి కూర్చున్నారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు, చిన్న వయసువాడు, సోమవారం తనకు సెలవనీ, ఆ రోజు ఫోను కట్టేసి భార్యాబిడ్డలతో గడుపుతాననీ ఆరాధనలోనే చెప్పేశాడట.

"సోమవారం ఎవురైనా సచ్చిపోతే ఎవురికి చెప్పల్ల అయ్యగారూ? మీ కాలంలో మీరెప్పుడన్నా సెలవన్నారా? మీరే ఆయప్పకు ఒక మాట చెప్పల్ల" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

ముప్పై నాలుగేళ్ళు పాస్టరుగా పనిచేసి ఒక్క రోజైనా సెలవనకపోయిన మాట నిజమే, దాన్ని ఒకప్పుడు గర్వంగా చెప్పుకున్న మాట కూడా నిజమే. ఆ అబ్బాయిని అట్లే వదిలేయండని మాత్రం చెప్పి వాళ్ళను సాగనంపాను. ఎందుకని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. నా ఈడువాళ్ళు మీరైతే ఓపికగా వింటారని ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

మేము పెనుకొండలో ఎనిమిదేళ్ళున్నాం. చర్చి పక్కనే రెండు గదుల ఇల్లు, వాకిట్లో నిలబడితే ఎదురుగా కొండ. తెల్లారేసరికి ఎవరో ఒకరు తలుపు తట్టేవారు, బిడ్డకు జ్వరమనో, మొగుడు కొట్టాడనో, కోర్టులో వాయిదా ఉంది ప్రార్థన చేయమనో. నేను సైకిలెక్కి సోమందేపల్లి దాకా పల్లెలు తిరగడానికి పోతే, వచ్చినవాళ్ళందరినీ చూసుకునేది మా ఇంటావిడే. కాన్పులకు ఆసుపత్రికి తోడుపోయేది, బెంగళూరుకు కూలికి పోయిన మగవాళ్ళు రాసే ఉత్తరాలు చదివిపెట్టేది, జవాబులు రాసిపెట్టేది, అందరూ తిన్నాక మిగిలింది తినేది, ఏమీ మిగలని రోజు సంగటిముద్ద మజ్జిగలో పిసుక్కుని తాగేది. ప్రభువు జనాన్ని విడిచి ఒంటరిగా కొండకు వెళ్ళేవాడని నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు గానీ, ఎదురుగా ఉన్న ఆ కొండను ఆమెతో కలిసి ఒక్కసారైనా ఎక్కింది లేదు.

ఆమె గొంతు మంచిది. ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆమే. మొదట్లో అందరిలాగే పాటల పుస్తకం చేతపట్టుకుని పాడేది, తరువాత తరువాత పుస్తకం మూసి, కళ్ళు మూసుకుని పాడడం మొదలుపెట్టింది. అమ్మగారు పాడుతుంటే పరలోకంలో ఉన్నట్టుంటుందని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. నేనూ ఆమె భక్తి అంతగా పెరిగిందనుకుని లోలోపల మురిసిపోయాను. ఇంట్లో బియ్యం ఏరుతూ రాళ్ళు వదిలేస్తున్నా, గడప తట్టుకుని తూలుతున్నా, పని ఎక్కువై అలసిపోయిందనుకున్నానే తప్ప ఇంకోలా అనుకోలేదు.

ఆ రోజుల్లోనే మా చర్చి ఆవరణలో కంటి వైద్య శిబిరం పెట్టించాను. ఎక్కడెక్కడి పల్లెల నుంచో ముసలివాళ్ళు వచ్చారు. పొద్దున్నుంచీ మా ఇంటావిడ వాళ్ళను చేయిపట్టి వరుసలో నిలబెట్టింది, ఉప్మా పెట్టింది, పేర్లు అడిగి మా అమ్మాయిచేత రాయించింది. పేర్లు తానే ఎందుకు రాయలేదని నాకప్పుడు తోచలేదు. సాయంత్రం డాక్టరుగారు సామాను సర్దుకుంటుంటే ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నేనూ ఒకసారి చూపిచ్చుకోనా? అక్షరాలు అలికేసినట్ల ఉండాయి."

ఇంకా నలుగురైదుగురు ముసలివాళ్ళు బెంచీమీద ఉన్నారు, డాక్టరుగారి కారు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. "వచ్చినోళ్ళది కానీ ముందు. మనం ఇంట్లోవాళ్ళమే గదా, మళ్ళసారి చూపిచ్చుకుందువులే" అన్నాను. ఆమె సరేనని తలూపి, ఆ ముసలివాళ్ళలో ఒకామె చేయిపట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మళ్ళసారి ఆమె అడగలేదు, నేను గుర్తు చేయలేదు.

తరువాత రెండేళ్ళకు చిలమత్తూరు వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన ఒక కూలిమనిషి ఉత్తరం తెచ్చింది. పెనిమిటి బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. మా ఇంటావిడ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, క్షేమంగా ఉన్నాడంట, బిడ్డలను అడిగినాడంట అని చెప్పింది. ఆ మనిషి నవ్వుకుంటూ పోయింది. నాలుగు రోజులకు అక్కడినుంచి వచ్చిన మనిషి చెబితే తెలిసింది, అతను విషజ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్నాడనీ, వెంటనే రమ్మని ఉత్తరం రాయించాడనీ. దేవుని దయ, మనిషి బతికాడు. ఆ కూలిమనిషి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. పైగా, "ఏం కాలేదులే అమ్మగారూ, ఏడొద్దు" అని తానే ఓదార్చింది.

ఆ వేళ వంటింట్లో నేలమీద కూర్చుని మా ఇంటావిడ నాతో చెప్పింది.

"పైన క్షేమం అన్న మాట లీలగా కనపడె. తక్కినదంతా నల్లగా ఉండె. అందరూ రాసేదే గదా అని నోటికొచ్చింది చెప్తి. నాకు కండ్లు అగుపడక రెండేండ్లు దాటె."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆమె నా వైపు ముఖం తిప్పింది. చెప్పానని అనలేదు. ఆ క్షణంలో నాకు శిబిరం గుర్తొచ్చింది.

బెంగళూరుకు తీసుకుపోయాను. చక్కెర జబ్బు లోలోపల కంటి వెనక పొరను తినేసిందనీ, రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే కొంతైనా నిలిపేవాళ్ళమనీ, పోయింది ఇక తిరిగి రాదనీ డాక్టరమ్మ చెప్పింది. తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుని గాలికి ముఖం పెట్టింది. నేను ఎందరి మంచాల పక్కనో మోకరించినవాణ్ణి, ఆ రైల్లో నాకు ఒక్క ప్రార్థనా నోటికి రాలేదు.

తరువాత ధర్మవరం బదిలీ అయింది. అక్కడ ఆమె మగ్గాల చప్పుడును బట్టి వీధులు గుర్తుపట్టేది. నేను సాయంత్రాలు పల్లెలకు పోవడం మానుకుని ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించడం నేర్చుకున్నాను. కళ్ళున్నప్పుడు ఇవ్వని పొద్దు కళ్ళు పోయాక ఇచ్చాను. సంఘంలో కొందరు అయ్యగారికి సేవలో ఆసక్తి తగ్గిందన్నారు.

ఆమె పుట్టిల్లు బుక్కపట్నం. ఒక ఏడు మంచి వానలు పడి అక్కడి చెరువు నిండిందని తెలిసి బస్సులో తీసుకుపోయాను. కట్టమీద కూర్చోబెడితే, ఎట్లుండాదో చెప్పమంది. నీళ్ళు నిండా ఉన్నాయన్నాను.

"అంతేనా? గంటసేపు ప్రసంగం చేస్తావు, నీళ్ళ గురించి రెండు మాటలు రావా?" అని నవ్వింది.

అప్పుడు చూశాను, బహుశా జీవితంలో మొదటిసారి ఏ తొందరా లేకుండా. దూరంగా గుండ్రటి పుట్టిలో తేలుతూ వల విసురుతున్న మనిషినీ, నీళ్ళలో సగం మునిగిన తుమ్మచెట్లనూ, వాటిమీద వాలిన తెల్ల కొంగలనూ ఒక్కొక్కటిగా చెప్పాను. ఆమె నా భుజానికి ఆనుకుని వింది. ముప్పై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం పనేమీ లేకుండా కూర్చున్నది ఆ ఒక్క పూటే.

ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఉత్తరాలు లేవు, బెంగళూరులో ఉన్న మొగుడి ముఖాన్ని ఆడవాళ్ళు ఫోనులోనే చూసుకుంటున్నారు. కళ్ళు పరీక్ష చేసే దుకాణాలు వీధికొకటి వచ్చాయి. ఒంట్లో బాగాలేదని పాస్టరుగారి భార్య చెబితే అది సేవకు అడ్డమనుకునే కాలమూ మెల్లమెల్లగా పోతోంది. ఆరు నెలలకొకసారి నేనూ తప్పకుండా పోయి పరీక్ష చేయించుకుంటాను. ఈ వయసులో ఇంత సన్నటి అక్షరాలు చదువుతున్నారే తాతా అని అక్కడి అమ్మాయి మెచ్చుకుంటుంది. ఇంటికొచ్చి అలవాటుగా పుస్తకం తెరిచి పైకే చదువుతాను, నాలుగు వాక్యాలయ్యాక వినేవాళ్ళెవరూ లేరని తెలిసి గొంతు తగ్గిస్తాను.