నేను చెప్పిన మొదటి సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. రెండేళ్ల క్రితం ఇదే మందిరంలో, ఇదే మైకు పట్టుకుని నేను సాక్ష్యం చెప్పినప్పుడు మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పారు. ఆ రోజు చెప్పినదాంట్లో ఒక మాట అబద్ధం. దాని వల్ల నా ప్రాణమే పోయేది.

కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతాను, నా పేరు సువార్త, మాది కొత్వాల్‌గూడ. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు, నేను విమానాల్లో కప్పుకునే దుప్పట్లు ఉతికే చోట మడతలు పెట్టే పనిలో ఉండేదాన్ని. ఒకరోజు ఎడమ కన్ను మసకబారింది, ఆ తర్వాత కాళ్లు మొద్దుబారి నిలబడలేకపోయాను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయినట్టు నరాల మీది పొర దెబ్బతింటుందట, మన ఒళ్లే దాన్ని పాడుచేసుకుంటుందట. మీరందరూ ఉపవాసముండి ప్రార్థించారు, నేను మందులు వాడాను, కొన్ని నెలలకు మళ్లీ నడిచాను. డాక్టరుగారు ఇప్పటికి నిమ్మళించింది, మాత్రలు మాత్రం ఆపకూడదు అన్నారు. నేనేమో ఇక్కడికొచ్చి, ప్రభువు నా జబ్బును వేళ్లతో సహా పెరికేశాడు, మందులు కూడా మానేశాను అని చెప్పాను. ఆ మాత్రలు బియ్యం డ్రమ్ము వెనక దాచుకుని రోజూ మింగుతూనే ఉన్నాను. ఎందుకలా చెప్పావని అడిగితే, ప్రభువు చేసిన మేలు చిన్నదిగా కనబడకూడదని కాస్త పెద్దది చేసి చెప్పాను, అంతే. ఆయన చేసింది చాలదన్నట్టు!

ఆ తర్వాత చెల్లెళ్లు నన్ను ఇళ్లకు పిలిచి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించమనేవారు. నాకు లోపల గుబులుగా ఉండేది, పైకి మాత్రం గట్టిగా ప్రార్థించేదాన్ని.

నిరుడు ఎండాకాలంలో మూత్రం ఎర్రగా వచ్చింది. ఆడవాళ్లు మైకులో చెప్పే మాట కాదు, అయినా చెబుతాను, ఎందుకంటే చెప్పకపోవడం వల్లే ఇంత దూరం వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. మాటిమాటికీ వెళ్లాల్సి రావడం ఆ నరాల జబ్బులో మామూలేనని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి, ఇదీ దాని పనే, జబ్బు తిరగబెట్టింది అనుకున్నాను. ఆసుపత్రికి వెళితే అందరికీ తెలుస్తుంది, తెలిస్తే నా సాక్ష్యం ఏం కావాలి, ప్రభువు పేరు ఏం కావాలి? “ప్రభువా, నా కోసం కాదు, నీ నామం కోసమైనా దీన్ని ఆపు తండ్రీ” అని ఏడ్చేదాన్ని. పది రోజులు ఆగేది, విన్నాడనుకుని స్తోత్రం చెప్పేదాన్ని, మళ్లీ వచ్చేది. అలా నాలుగు నెలలు, మా ఆయనకు కూడా చెప్పకుండా.

మన శాంతమ్మక్క మీకందరికీ తెలుసు, శనివారం శనివారం ఆమే నేనూ ఈ మందిరం ఊడుస్తాం. ఒక శనివారం బాత్‌రూం కడగడానికి నా వెనకే వచ్చి నీళ్ల రంగు చూసింది.

“ఏందే గిది? ఎన్ని రోజులసంది?”

“పాత జబ్బే అక్కా, ఎవ్వరికి చెప్పకు. నేను సాక్ష్యం చెప్పిన కదా.”

“పాతదో కొత్తదో డాక్టరు చెప్పాలె. దేవుని ఇజ్జత్‌కు నువ్వు కాపలా ఏందే పిచ్చిదాన? జర చెప్పులేస్కో, పోదాం నడువ్.”

చీపురు అక్కడే పడేసి ఆటో ఎక్కించింది. దవాఖానలో సన్నటి కెమెరా పెట్టి చూశారు, మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. తీసి పరీక్షకు పంపితే కాన్సర్ అని వచ్చింది. నరాల జబ్బు ఉన్నవాళ్లలో ఈ కాన్సర్ కొంచెం ఎక్కువగా కనబడుతుందని కొందరు అంటారు, మీకు దానివల్లే వచ్చిందని మాత్రం చెప్పలేను అన్నారు డాక్టరమ్మ. ఏది వచ్చినా పాత జబ్బు ఖాతాలో వేసేయడమే అసలు ప్రమాదమమ్మా, ఒక్కోసారి మేమూ అదే పొరపాటు చేస్తాం అని కూడా అన్నారు. ఇంకా కండరంలోకి దిగలేదు, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మాట వేరేగా ఉండేదన్నారు.

ఆపరేషన్‌కు తీసుకెళ్లేముందు మా ఆయనకు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు ప్రార్థించాను: “తండ్రీ, నీ పేరు నిలబెట్టాలని నేను అబద్ధమాడాను. నన్ను బాగు చెయ్యకపోయినా నువ్వు దేవుడివే. నన్ను క్షమించు, ఈ భయం తీసెయ్యి.” సహోదరులారా, ఆ నాలుగు నెలల్లో లేని నెమ్మది ఆ స్ట్రెచర్ మీద కలిగింది.

గడ్డ తీసేశారు, కొన్ని వారాలు మూత్రాశయంలోకే మందు ఎక్కించారు, మొన్న కెమెరా పెట్టి చూస్తే శుభ్రంగా ఉంది. దేవునికే మహిమ! మూడు నెలలకోసారి మళ్లీ చూస్తారు. నరాల జబ్బు పోలేదు, నాతోనే ఉంది, మాత్రలు ఇప్పుడు అందరి ముందే మింగుతున్నాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను, ప్రభువు చేసిన మేలు నాకు ఇదివరకటికంటే పెద్దదిగానే కనబడుతోంది.

మీలో ఎవరైనా ఒకప్పుడు సాక్ష్యం చెప్పి, ఇప్పుడు ఒంట్లో ఏదో తేడాగా ఉండి, నలుగురూ ఏమనుకుంటారోనని దాచుకుంటున్నారేమో. ప్రభువును నమ్మండి, ఆయనకు మన దాపరికం అక్కర్లేదు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. పేరు ఎవరికీ చెప్పను, దవాఖానకు తోడు వస్తాను. కర్రతో కాస్త నెమ్మదిగా నడుస్తాను, అంతే.