దేవుళ్ల వీపులు తెలిసిన మేస్త్రి

లోకంలో దేవుళ్ల ముఖాలు తెలిసినవాళ్లకు కొదవలేదు. వాళ్లకు తిరిగే కుర్చీలున్నాయి, పేరుకు ముందూ వెనకా పొడి అక్షరాలున్నాయి. దేవుళ్ల వీపులు తెలిసినవాడు మాత్రం ఆ మ్యూజియం మొత్తానికి ఒక్కడే. వెనకవైపు రేకుల షెడ్డులో, మోచేతుల దాకా సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉండే మనిషి. అందరూ అచ్చుల మేస్త్రి అంటారు. కిట్టనివాళ్లు నకళ్ల మేస్త్రి అంటారు. ఆయన రెండింటికీ పలుకుతాడు.

దూరదేశాల మ్యూజియాలలో ఉన్న పాత విగ్రహాలకు అక్కడివాళ్లు అచ్చులు తీసి పెట్టెల్లో పంపుతారు. ఆ దేశాల మొహం చూసే యోగం లేనివాళ్ల కోసం ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి అసలు లాంటి నకలు తయారుచెయ్యడం మేస్త్రి పని. బకెట్ నీళ్లలో పొడి చల్లుతూ పోవాలి. పొడి మునగడం మానేసి దీవుల్లా తేలినప్పుడు ఆపాలి. అచ్చులో పోసిన కాసేపటికి ప్లాస్టర్ తనంతట తాను వేడెక్కుతుంది. మేస్త్రి దాని మీద అరచెయ్యి ఆనించి "జ్వరం వచ్చింది" అంటాడు. జ్వరం దిగేదాకా అచ్చు విప్పడు. తొందరపెట్టినవాళ్లకు, నీ బిడ్డనైతే ఇలాగే లేపుతావా అని జవాబిస్తాడు.

పదహారో ఏట ఇళ్లకు సున్నం వేసే తండ్రి వెంట ఈ షెడ్డు గోడలకు వెల్ల వెయ్యడానికి వచ్చి, ఇక తిరిగి వెళ్లలేదు. చదివింది ఏడో తరగతి. పెట్టెలతోపాటు వచ్చే కాగితాలు చదివించుకున్నాడు, తర్వాత తనే కూడబలుక్కున్నాడు, ఆ తర్వాత మ్యూజియం లైబ్రరీలో మధ్యాహ్నం భోజనం గంటంతా కూర్చున్నాడు. పుస్తకాల్లో బొమ్మలన్నీ ముందు నుంచి తీసినవే. ఆయన చేతికి తగిలేది మాత్రం అన్ని వైపులూ. అందుకే ఆయన చదివిన చరిత్ర వెనక నుంచి మొదలైంది.

ఈజిప్టు రాజుల విగ్రహాలకు వీపున రాతి స్తంభం ఒకటి అంటుకుని ఉంటుంది. బతికున్నన్నాళ్లూ ఒకరి మీద ఒరగని రాజు రాయయ్యాక స్తంభానికి ఒరిగాడని మేస్త్రి నవ్వేవాడు. గాంధార బుద్ధుడి వీపు చాలాసార్లు మోటుగా వదిలేసి ఉంటుంది, గోడకు ఆనించి నిలబెట్టేవాళ్లు గనక. గ్రీకులు గుడి కప్పు కింద, ఎవరి కంటికీ ఆనని ఎత్తులో పెట్టే విగ్రహాలకు కూడా వీపు మీద బట్ట ముడతలు చెక్కారు. అసీరియా కోట గుమ్మంలోని రెక్కల ఎద్దుకు అయిదు కాళ్లు. ముందు నుంచి చూస్తే రెండు కాళ్ల మీద నిలబడి ఉంటుంది, పక్క నుంచి చూస్తే నాలుగు కాళ్లతో నడుస్తుంది. ఇది ఇంట్లో చెబితే భార్య నమ్మలేదు.

"అందరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. మీరు పట్టిన ఎద్దుకు అయిదా?" అంది. మర్నాడే షెడ్డుకు వచ్చి చూసింది, లెక్కపెట్టింది, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ ఇంట్లో దాన్ని ఒప్పుకోవడం అంటారు.

ఆమెది బట్టలు కుట్టే పని. ముందు గదిలో మిషను, ఎదురెదురుగా రెండు నిలువుటద్దాలు. బట్ట తొడిగి చూసుకునేవాళ్లను వాటి మధ్య నిలబెడుతుంది, వీపు కూడా కనిపించాలని. ముందు కుట్టు మనం చూసుకుంటాం, వెనక కుట్టు లోకం చూస్తుందని ఆమె సిద్ధాంతం.

అన్ని విగ్రహాలలోకీ మేస్త్రి ప్రాణం పెట్టుకున్నది ఒక పాము మీద. సముద్రాల అవతల, మెక్సికోలో అజ్టెక్కులు అనే జాతివాళ్లు దైవంగా కొలిచి చెక్కిన రాతి పాము. చుట్ట చుట్టుకుని, తల పైకెత్తి ఉంటుంది. దాని అచ్చు మేస్త్రి చేరకముందే వచ్చింది. పైభాగం అచ్చుతో పాత మేస్త్రి నకళ్లు పోసేవాడు. పెట్టెలో మిగిలిన గుండ్రటి ముక్క ఏమిటో తెలియక, మూత కాబోలనుకుని, బోర్లించి పీటలా వాడుకునేవాడు. కొత్తగా చేరిన మేస్త్రి కూడా రెండేళ్లు దాని మీదే కూర్చుని భోజనం చేశాడు. ఒకరోజు ఊడుస్తూ దాన్ని తిరగేశాడు. లోపలంతా పొలుసులు. పాము అడుగుభాగం అచ్చు అది. చుట్ట మీద చుట్ట, పొలుసు పక్కన పొలుసు, నేలకు ఆనుకుని ఉండే చోట కూడా పైనున్నంత శ్రద్ధగా చెక్కి ఉంది. పాత మేస్త్రికి చూపిస్తే ఆయన దాన్ని తన తువ్వాలుతో తుడిచి గోడ వారన పెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ కటిక నేల మీదే కూర్చుని తిన్నారు.

భూమి చూస్తుందని చెక్కారని కొందరు పండితులు రాశారు. నిజమేమిటో మేస్త్రికి తెలియదు. ఎవరూ చూడని చోట ఒక మనిషి రోజుల తరబడి ఉలి పట్టుకుని కూర్చున్నాడన్న సంగతి మాత్రం ఆయన వేళ్లకు తెలుసు. ఆ రోజు నుంచి అడుగు లేకుండా పాము పొయ్యలేదు. బయటికి వెళ్లిన పాములన్నీ బల్లల మీద అడుగు దాచుకునే కూర్చున్నాయి. ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు.

రిటైర్మెంటు ఇంకా నలభై రోజులుందనగా కొత్త హాలు పని వచ్చింది. ప్రపంచ నాగరికతల నుంచి తొమ్మిది విగ్రహాలు, బడిపిల్లల కోసం. ఆ హాలు చూసుకునే మేడమ్ వయసులో చిన్నది, డాక్టరేటు చేసింది, మర్యాద తెలిసిన మనిషి. పాము అడుగుభాగానికే పది రోజులు పడుతుందని విని, అది వదిలేసి పైభాగం పోసి బల్లకు సిమెంటు చేసేద్దామంది.

"అడుగున ఎవరు చూస్తారు మేస్త్రిగారూ?"

"చెక్కినవాడు ఆ మాట అనుకోలేదమ్మా. అనుకునుంటే వాడికీ సగం పని తప్పేది."

ఆమె నవ్వింది గాని మాట మార్చుకోలేదు. సగం పాము తన చేత్తో పొయ్యనని మేస్త్రి చెప్పాడు. అయితే పాము వద్దు, ఎనిమిదే పెడదామని ఆమె అంది. ఆమె కోపంగా అని ఉంటే ఆయనా నాలుగు మాటలు అనేవాడు. మామూలుగా, కాగితం మీద ఒక గీత కొట్టినట్టు అంది. నలభై నాలుగేళ్ల పనిలో చివరిది, ఆయన తనదనుకున్నది ఒక్కటే, ఆ గీత కింద పోయింది.

మేస్త్రి భోజనం గంటలు కూడా మానేసి ఎనిమిది విగ్రహాలూ ఇరవై తొమ్మిది రోజుల్లో పోసేశాడు. మిగిలిన పదకొండు రోజులు తనవని చెప్పి పాము మొదలుపెట్టాడు. అడుగు అచ్చుకు సబ్బు నీళ్లు పూసి, ఒక్కో పొలుసులోకి కుంచెతో ప్లాస్టర్ తోశాడు, గాలి బుడగ మిగలకుండా. పదో రోజు మేడమ్ షెడ్డుకొచ్చింది. బోర్లించి ఉన్న పాము ముందు కాసేపు నిలబడింది.

"అడుగు జనానికి ఎలా కనిపిస్తుందో చెప్పండి, తప్పకుండా పెడతాను. తలకిందులుగా మాత్రం పెట్టను. అది వాళ్ల దేవుణ్ణి వెక్కిరించినట్టుంటుంది."

ఆ మాటకు మేస్త్రికి ఆమె మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఇంటికొచ్చాక కూడా అడుగు ఎలా చూపించాలా అనే ఆలోచిస్తున్నాడు. భార్య ఎవరికో కొలత సరిచూస్తోంది. అద్దాల మధ్య నిలబడ్డ ఆవిడ మెడ తిప్పకుండానే తన వీపు చూసుకుని, నడుం దగ్గర కాస్త వదులు చెయ్యమంది. ఆవిడ వెళ్లాక మేస్త్రి లేచి వెళ్లి ఒక అద్దం అంచు నిమురుతూ నిలబడ్డాడు.

"దాన్నెందుకలా నిమురుతున్నారు?" అంది భార్య.

సంగతి చెప్పాడు. ఆమె దారం కొరికి, సూది జాకెట్టుకు గుచ్చుకుంది. ఒక్క అద్దంతో తన పని సగమైపోతుందని, రేపటి నుంచి జనం వెనక కుట్టు కోసం మెడలు విరుచుకోవాలని సణిగింది.

"పాముకేనా వీపు చూపించేది? నా గిరాకీలకు అక్కర్లేదా?" అంది. మళ్లీ తనే, "ఎడమవైపుది తీసుకెళ్లండి. కుడివైపుదానికి మూల చిట్లింది, పరువు తక్కువ" అంది.

మర్నాడు సరుకుల బండి నడిపే బావమరిది అద్దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. అక్క ఇంటి నుంచి ఆడపిల్లను సాగనంపినట్టుందని దారి పొడుగునా నవ్వాడు. కొత్త హాల్లో మోకాలెత్తు బల్ల మీద అద్దాన్ని పడుకోబెట్టారు. దాని మీద నాలుగు పొట్టి ఇనుప కాళ్లు, వాటి మీద జానెడు ఎత్తున పాము. మేడమ్‌ను పిలిచారు. ఆమె నిలబడి చూస్తే పామే కనిపించింది. మేస్త్రి అద్దం అంచు మీద వేలు ఆనించాడు. ఆమె వంగింది. ఇంకాస్త వంగింది. చివరికి నేల మీద మోకాలు ఆనించింది. లేచి, బల్లకు అంటించి ఉన్న పాత వివరాల చీటీ పీకేసి, తన చేత్తో కొత్తది రాసింది. చివరి వాక్యం ఇదీ: "దయచేసి వంగి చూడండి."

హాలు తెరిచిన రోజు రకరకాల మనుషులు వచ్చారు. తలకు గుడ్డ కట్టుకున్నవాళ్లు, మెడలో శిలువ వేసుకున్నవాళ్లు, నుదుట బొట్టు పెట్టుకున్నవాళ్లు, ఏ దేవుణ్ణీ నమ్మమని గర్వంగా చెప్పుకునేవాళ్లు. ఉపన్యాసాలిచ్చిన పెద్దలు తమ పేర్లు తామే రెండేసి సార్లు చెప్పుకున్నారు. మేస్త్రి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయన ఉపన్యాసాలు వినడం లేదు కూడా. హాలు చివర గోడకు ఆనుకుని, ఈజిప్టు రాజులా, పాము వైపే చూస్తున్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే దాని ముందు వంగుతున్నారు. తన ఊరు ఎలా ఉంటుందో, తన భాష ఏమిటో ఇక్కడెవరికీ తెలియని ఒక శిల్పి పని ముందు, ఇన్ని వందల ఏళ్ల తర్వాత, ఇంతమంది. మేస్త్రి ఛాతీకి ఆ రోజు చొక్కా బిగువైంది.

సాయంత్రం జనం పలచబడ్డాక భార్య వచ్చింది. ముందు అద్దం మూలలు చూసింది, గీత పడలేదు కదా అని. మార్కింగు సుద్ద మరక ఒకటి మిగిలి ఉంటే కొంగుతో తుడిచింది. అప్పుడు వంగి పాము అడుగు చూసింది. బట్ట తిరగేసి కుట్టు చూసే పద్ధతిలోనే, ఈ కొస నుంచి ఆ కొసకు.

"వెనక కుట్టు శుభ్రంగా ఉంది" అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇంతకు మించి ఎవరినీ మెచ్చుకోలేదు. మేస్త్రి కూడా ఆమె పక్కన వంగాడు.

"నాదా, వాడిదా?"

ఆమె మళ్లీ వంగింది. ఈసారి ఎక్కువసేపే చూసింది.

"తేడా కనిపిస్తే కదా చెప్పడానికి" అంది.