నాయన నాటిన నిమ్మచెట్టు

మా నాయన నంద్యాలలో ఒక మిషన్ బంగ్లాకు ముప్పై ఏండ్లకు పైగా తోటమాలిగా పనిచేశాడు. ఆ తోటలోని సపోటా, దానిమ్మ, నిమ్మ, జామ అన్నీ ఆయన చేతుల మీద పెరిగినవే. వాటిలో ఒక్క చెట్టూ ఆయనది కాదు. మేమున్నది కూడా బంగ్లా వాళ్లు ఇచ్చిన ఒంటి గది. దాని ముందు మందారకొమ్మ గుచ్చాలన్నా ఒకరిని అడగాల్సిందే. నేను చదువుకుంటుండగానే మా అమ్మ పోయింది. నాయనకు అక్షరం ముక్క రాదు. నన్ను మాత్రం టీచరు ట్రైనింగు దాకా చదివించాడు.

నాకు ఆళ్లగడ్డలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక, డెబ్బై ఐదులోనో ఆరులోనో, నేనూ మా ఆయనా కలిసి ఊరి చివర నాలుగు సెంట్ల స్థలం తీసుకుని రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ప్రార్థన పెట్టుకున్న రోజు చుట్టాలు స్టీలు గిన్నెలు, దుప్పట్లు తెచ్చారు. నాయన బస్సు దిగి ఒక పాలపొడి డబ్బా పట్టుకుని వచ్చాడు. డబ్బాలో జానెడు నిమ్మమొక్క.

"బంగ్లా తోటలో పెద్ద నిమ్మచెట్టు ల్యా? దాని పండులో విత్తనం. నేనే మొలకేసినా," అన్నాడు.

ప్రార్థన అయ్యి అందరూ భోజనాలకు కూర్చుంటే, ఆయన పెరట్లో గొంతుకూర్చుని మట్టి పిసికి చూస్తున్నాడు. మాది నల్లరేగడి. ఎండకు నెర్రెలు పడుతుంది, వానకు బంకలా పట్టుకుంటుంది. నాయన తల ఊపి లేచాడు.

"నిమ్మకు నీళ్లు కావల్ల. గానీ నీళ్లు కాళ్ల కింద నిలబడగూడదు. ఈ మట్టిలో అట్నే పెడితే రెండేండ్లకు కుళ్లిపోతాది."

ఒక్క రోజుకని వచ్చిన మనిషి నాలుగు రోజులు ఉండిపోయాడు. నడుములోతు గుంత తవ్వాడు. మా వీధి మొదట్లోనే విగ్రహాలు చెక్కేవాళ్ల కొట్టాలు ఉండేవి. పొద్దస్తమానం ఉలుల చప్పుడు. నాయన అక్కడికి పోయి రాతిపెచ్చులు అడిగాడు. చెక్కే ఆయన ఉలి ఆపి, "ఏం చేస్తావప్పా వీటితో?" అన్నాడట.

"నిమ్మచెట్టు పెడతాండా."

"రాళ్ల మీదనా?"

"కింద రాళ్లు, పైన మన్ను. నీళ్లు దిగిపోవల్ల గదా."

ఆయన నవ్వి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోమన్నాడు. నాయన వెదురుగంపతో తొమ్మిది గంపల పెచ్చులు మోసుకొచ్చి గుంత అడుగున పరిచాడు. ఎర్రమట్టి బండివాళ్లను ఆపి, రెండు గంపల మట్టి ఇప్పించుకున్నాడు. పశువుల ఎరువు కలిపాడు. మొక్క మొదలు చుట్టూ గిన్నె బోర్లించినట్టు మట్టి ఎత్తు చేసి, మూరెడు ఎడంగా గుండ్రంగా కాలువ తీశాడు.

"నీళ్లు ఈ కాలువలోనే పొయ్యల్ల. మొదలు తడవగూడదు. మనిసికి మెడలోతు నీళ్లలో ఉంటే ఎట్లుంటాది, చెట్టుకూ అట్లే," అని నాకు, మా ఆయనకు, మా అత్తకు ముగ్గురికీ చెప్పి, బస్సెక్కి నంద్యాలకు పోయాడు.

తర్వాత ఐదేండ్లు ఆ చెట్టు నా పని. మా అత్తకు దాని మీద నమ్మకం లేదు. ముండ్లచెట్టు, పిల్లలు తిరిగే చోట ఎందుకు అనేది. స్నానం చేసిన సబ్బునీళ్లు మొదట్లో పోసేది. నేను ఆపితే, "నీళ్లు పోసినా తప్పేనా ఏందీ!" అనేది. నేను బావి నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కాలువలో పోసేదాన్ని. రెండో ఏడు లేత ఆకుల మీద పిట్ట రెట్టల్లాంటివి కనిపించాయి. పట్టించుకోలేదు. వారానికి కొమ్మలన్నిటికీ ఈనెలే మిగిలాయి. నాయన వచ్చి చూసి, ఒక రెట్టను పుల్లతో కదిపాడు. అది పాకింది.

"రెట్ట కాదు పాపా, పురుగు. మందులొద్దు. పొద్దున్నే చేత్తో ఏరల్ల."

అప్పటినుంచి బడికి పోయే ముందు అరగంట చెట్టు దగ్గరే. చేతులనిండా ముండ్ల గీతలు. నేను బోర్డు మీద రాస్తుంటే ముందు వరసలో ఒక పిల్ల, "టీచర్, పిల్లి రక్కిందా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ గీతల్ని దాచుకోవాలనిపించలేదు.

ఐదో ఏడు నాయన పని నుంచి దిగిపోయాడు. బంగ్లా గది ఖాళీ చేసి, ఒక ట్రంకుపెట్టె, తన కొడవలి, గునపం, అంటు కట్టే చిన్న కత్తితో మా ఇంటికి వచ్చేశాడు. అప్పటికి చెట్టు వాకిలి కంటే ఎత్తయింది. ఆకు నల్లగా నిగనిగలాడేది. పూత మాత్రం లేదు. ఆరో ఎండాకాలం వచ్చేసరికి మా అత్తకు ఓపిక పోయింది.

"అన్నా, నువ్వు ఏమన్నా అనుకో. ఇది మొగచెట్టు. కొట్టేసి ఆడ ఒక మునగకొమ్మ పెట్టుకుంటే కూరకన్నా వస్తాది," అంది నాయనతో.

"నిమ్మలో మొగదీ ఆడదీ ఉండవు చెల్లీ. దీనికి తిండి ఎక్కువైంది. సుఖానికి మరిగి ఆకు పెంచుకుంటాండాది. ఈసారి ఎండగడతా. మిరుగు దాకా ఎవురూ ఒక్క చెంబు నీళ్లు పొయ్యగూడదు."

మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ మొదట్లో. అప్పుడు ఏప్రిల్ చివర. ఆళ్లగడ్డ ఎండలు తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత భయంగా వినిపించిందో చెప్పక్కరలేదు. నాయన మొదలుకు దూరంగా మట్టి గుల్ల చేసి పైవేర్లకు ఎండ తగిలేట్టు వదిలేశాడు. రెండు వారాలకు ఆకు వాలింది. రోహిణి కార్తెలో ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి, కొన్ని రాలాయి. దారిన పోయేవాళ్లు గోడమీద నుంచి చూసి, "టీచరమ్మా, చెట్టు చస్తాంది, నీళ్లు పొయ్యరా?" అనేవాళ్లు. మా అత్త వాళ్లకు వినపడేట్టే, "వాళ్ల నాయన వైద్యం చేస్తాండాడు," అనేది.

నాయన ఏదో పని మీద నంద్యాలకు పోయిన రోజు నేను తట్టుకోలేకపోయాను. సాయంత్రం ఒక చెంబు నీళ్లు తెచ్చి కాలువలో పోశాను. మరుసటి రోజు పొద్దున ఆయన బస్సు దిగి, చెప్పులు విడవకుండానే నేరుగా చెట్టు దగ్గరికి పోయాడు. మట్టి వేలితో తాకి చూశాడు.

"ఎవురు పోసినారు?"

"నేనే నాయనా. చూడలేకపోయినా."

తిడతాడనుకున్నాను. అరుగు మీద కూర్చుని నిదానంగా అడిగాడు. "బడిలో పిల్లోడు లెక్క చెయ్యల్యాక తిప్పలు పడతాంటే, నువ్వే చేసి పెడతావా, కొంచేపు చూస్తావా?"

"చూస్తా."

"ఈడ గూడా అంతే."

మళ్లీ నేను చెంబు ముట్టలేదు. రోజూ ఆ చెట్టు పక్కనుంచి బడికి పోవడం మాత్రం కష్టంగా ఉండేది.

మిరుగు వాన సరిగ్గా పడింది. నాయన వేర్లు కప్పి, ఆరు గంపల పశువుల ఎరువు వేసి, వాన ఆగిన రోజుల్లో కాలువ నిండా నీళ్లు పట్టాడు. మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున నేను జడ వేసుకుంటుంటే పెరట్లోంచి మా అత్త కేక వేసింది. ఏ పామో వచ్చిందని పరుగెత్తాను. ఆమె చెట్టు కింద నిలబడి కొమ్మ వంచి పట్టుకుని ఉంది. కొమ్మ పొడుగునా, ఆకు ఆకు సందునా తెల్లని మొగ్గలు.

"యాడ చూసినా పూతే కదే!" అంటోంది.

నాయన వచ్చి చూశాడు. కొమ్మ వంచొద్దు చెల్లీ, రాలతాది, అని మాత్రం అన్నాడు. ఆ వాసన నాలుగిండ్ల దాకా పోయేది. ఆ ఏడు కాయలు మేము వాడుకోగా, వీధికి పంచగా, ఊరగాయ పెట్టగా మిగిలాయి. బడిలో టీచర్లకు గుడ్డసంచి నిండా తీసుకుపోయాను. మగచెట్టన్న మాట మా అత్త మళ్లీ ఎత్తలేదు. వచ్చినవాళ్లకు తానే చెట్టు చూపించి, నీళ్లు కాలువలోనే పోయాలని చెప్పేది.

మా బడిలో పనిచేసే ఒక అయ్యవారిది దొర్నిపాడు వైపు. ఆయన ద్వారా ఈ చెట్టు సంగతి అక్కడి పెద్ద రైతు ఒకాయనకు తెలిసింది. తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. ఆయనకు నిమ్మతోట ఉంది. మరుసటి వానాకాలంలో ఆయన జీతగాడు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు.

"మీ నాయన తోటమాలంట గదా. మా ఆసామి రమ్మన్నాడు," అన్నాడు నాతో.

ఆ మాట నాకు గుచ్చుకుంది. "రమ్మంటే వచ్చేదానికి మా నాయన ఆయన కింద పనిచేస్తాండాడా? అక్కర ఉంటే ఆయన్నే రమ్మను," అన్నాను.

లోపల ఉన్న నాయన విని బయటికి వచ్చాడు. "చెట్లకేమైందప్పా?"

"మొదట్లో బంక కారతాండాది. ఆకు పసుపై రాలతాండాది. నలభై చెట్ల దాకా అట్లే ఉండాయి."

నాయన లోపలికి పోయి కత్తి, గోనెపీచు, ఒక పంచె సంచిలో వేసుకున్నాడు. నేను వాకిట్లో అడ్డం నిలబడ్డాను. "పిలిచిన తీరు చూసినావా నాయనా? ఇంకా ఒకరు రమ్మంటే పోవల్లనా?"

"చెట్టుకు జబ్బు చేస్తే మర్యాదలేంది పాపా? అవి తర్వాత చూసుకుందాం," అని నన్ను పక్కకు జరిపి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది.

మూడోరోజు సాయంత్రం తిరిగొచ్చాడు. వేళ్లన్నీ మైలుతుత్తం నీలం. నేను మొదట అడిగింది చెట్ల గురించి కాదు.

"నిన్ను యాడ కూచోబెట్టినారు?"

"చెట్ల కింద. చెట్లు చూడనీకి పోయినోణ్ని యాడ కూచోబెడతారు?" అన్నాడు.

అన్నం తింటూ జరిగింది చెప్పాడు. కాలువ నీళ్లు పుష్కలంగా ఉన్నాయని మొదళ్లు మునిగేట్టు పెట్టారట. బెరడు కుళ్లి బంక కారుతోంది. కుళ్లిన బెరడు కత్తితో గీకి, గోనెపీచుతో తుడిచి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూశాడు. జీతగాళ్లతో ప్రతి మొదలు చుట్టూ మట్టి ఎత్తించి, దూరంగా కాలువలు తీయించాడు. తర్వాత ఇంకో రెండుసార్లు, ఎవరూ పిలవకుండానే, బస్సెక్కి పోయి చూసి వచ్చాడు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆ రైతు తానే మా ఇంటికి వచ్చాడు. యాభై ఏండ్ల మనిషి, తెల్లని పంచె. నాయన ఒంటిమీద బనీనుతోనే నిలబడి ఎండుకొమ్మలు కోస్తున్నాడు.

"పెద్దాయనా, నా చెట్లు నిలబడినాయి. మూడు పోయినాయి, మిగతావన్నీ చిగురేసినాయి," అన్నాడు ఆయన.

నేను రెండు కుర్చీలు తెచ్చి వేశాను. ఆయన కూర్చోలేదు. "ముందు నువ్వు కూచో. నేను నేర్చుకోనీకి వచ్చినోణ్ని," అన్నాడు. నాయన చేతులు తుడుచుకుని కూర్చున్నాక ఆయన కూర్చున్నాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను.

"ఈ చెట్టును ఎండగట్టి కాపు తెప్పించినారంట. అదెట్లనో చెప్పు," అని అడిగాడు.

నాయన కత్తితో నా వైపు చూపించాడు. "చెట్టు మా పాప పెంచింది. నేను గుంత తవ్వి పెట్టి పోయినా, అంతే. ఐదేండ్లు నీళ్లు పోసింది ఆమె, పురుగేరింది ఆమె. ఎండగట్టినప్పుడు రోజూ చూసుకున్నదీ ఆమే. ఆమెను అడుగు."

ఆ రైతు కుర్చీలో నా వైపు తిరిగాడు. నేను చెట్టు దగ్గరికి నడిచి మొదలుపెట్టాను. ఏ కార్తెలో నీళ్లు ఆపాలో, వేర్లు ఎంత దూరాన తెరవాలో, ఆకు ఎంత ముడుచుకుంటే భయపడక్కరలేదో, ఎంత ముడుచుకుంటే భయపడాలో. చెంబు నీళ్లు పోసిన తప్పు కూడా చెప్పాను. ఆయన మధ్యమధ్య అడుగుతూ శ్రద్ధగా విన్నాడు. నాయన తల వంచుకుని విన్నాడు. ఎరువు లెక్క దగ్గర ఒక్కసారి మాత్రం, "ముసలి చెట్లకు ఇంకా రెండు గంపలు," అన్నాడు. పోయేటప్పుడు ఆ రైతు మా చెట్టు విత్తనం మొక్కలు కావాలని అడిగాడు. నాయన సరేనన్నాడు.

ఆ నవంబరులో నంద్యాల చర్చిలో కోత పండుగ. ఎవరి పంట వాళ్లు తెచ్చి దేవుని ముందు పెట్టే రోజు. చిన్నప్పటి నుంచి నేను చూసింది ఒక్కటే. నాయన బంగ్లా వాళ్ల గంపలు మోసుకొచ్చి బలిపీఠం దగ్గర దించి, వెనక వరసలో కూర్చునేవాడు. ఆ ఏడు ముందురోజే నేనూ ఆయనా కలిసి చెట్టెక్కినంత పని చేసి, పసుపు తిరిగిన కాయలే ఏరి ఒక గంప నింపాం. ఉతికిన పంచె, నేను కొన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. బస్సులో గంప ఒళ్లోనే పెట్టుకున్నాడు. కండక్టరు పైన పెట్టమన్నా వినలేదు.

చర్చి మెట్ల దగ్గర పాత పరిచయం ఉన్న ఒక పెద్దాయన పలకరించాడు. "ఏమప్పా, పని మానేసినావని విన్నా. ఈ యేడు ఎవరి తోటవి తెచ్చినావ్?"

"మా ఇంటివి. మా పాప చెట్టువి," అన్నాడు నాయన.

నేను ఒక చెయ్యి వేయబోతే వద్దన్నాడు. గంప తలకెత్తుకోలేదు, రెండు చేతులా ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. జనం మధ్యలో నుంచి నిదానంగా నడిచి ముందుకు పోయాడు. గుమ్మడికాయల పక్కన, జొన్నకంకుల ముందు, అందరికీ కనిపించే చోట గంప దించాడు. దొర్లిపోయిన రెండు కాయలు తీసి పైన సర్దాడు. తర్వాత వెనక్కి రాలేదు. మొదటి వరసలోనే కూర్చుని, తన పక్కన చోటుందని నన్ను చేత్తో పిలిచాడు.